చివరి నంబరు

"నాకెందుకు ఫోన్లొస్తున్నయి బిడ్డా?"

కుర్చీ వీపు పట్టుకుని నిలబడి అడిగాడు ఆ పెద్దమనిషి. గోదావరిఖని మార్కెట్‌లో, మేడమీద ఉన్న ఇంటర్నెట్ సెంటర్ అది. మెట్లెక్కిన ఆయాసం ఆయనకింకా తగ్గలేదు.

"ఏం ఫోన్లు కాకా?" కంప్యూటర్ మీంచి చూపు తిప్పకుండానే అన్నాడు ఖదీర్.

"రక్తం కావాలని. దయాసాగర్ ఉన్నడా అంటరు. హన్నా ఉన్నదా అంటరు. నా పేరేమో శాంతిరాజ్. నువ్వు పెట్టిన సైట్ల చూసి చేస్తున్నమంటరు."

ఆ సైటు ఖదీర్ పెట్టిందే. గనిలో కప్పు కూలి దవాఖానకు చేరిన అతని తండ్రి అబ్దుల్ రజాక్, రక్తం దొరికేలోపే పోయాడు. రక్తమిచ్చేవాళ్ల పేర్లన్నీ ఒక్కచోట పెట్టమని తండ్రి తోటివాళ్లు అడిగితే పెట్టాడు. ఆ రోజుల్లో అతనికి ఏడుపు కూడా వచ్చేది కాదు. వేళ్లు టైపు చేసేవి, అంతే.

సైటు తెరిచి చూశాడు. పేర్లు వేరు, గ్రూపులు వేరు. అందరి పక్కనా ఒకటే ఫోన్ నంబరు.

తప్పు ఎక్కడుందో ఖదీర్‌కు వెంటనే కనబడింది. సైటు రాసే భాష పీహెచ్‌పీలో, డేటాబేస్‌కు చెప్పాల్సిన మాటను ముందే రాసిపెట్టుకుని, వివరాలుండే చోట ఖాళీలు వదులుతారు. తర్వాత ఒక్కో ఖాళీకి ఒక్కో విలువను కట్టాలి. బైండ్ చేయడమంటే అదే. ఖదీర్ మాత్రం నంబరును కట్టలేదు, నంబరు వేసుకునే డబ్బాను కట్టాడు. నంబర్ల ఖాళీలన్నిటికీ ఆ ఒక్క డబ్బానే. తీరా కంప్యూటర్ ఆ డబ్బా తెరిచేసరికి, చివరగా వేసిన నంబరొక్కటే అందులో మిగిలింది.

అందరికంటే చివర చేరిన మనిషి శాంతిరాజ్.

ఆ లైను మార్చి, నంబర్లన్నీ మళ్లీ ఎక్కించాడు ఖదీర్. తప్పు తనదేనని మాత్రం అనలేదు.

"ఇంక రావు కాకా."

"ఒక్కటి గూడ?"

"నీ పేరు చూసి చేస్తెనే వస్తది. లేకుంటే రాదు."

"అసలోళ్లకు పోతయా?"

"పోతయి."

"పక్కానా బిడ్డా? ఒక్కసారి చేసి చూడరాదు."

ఖదీర్‌కు విసుగొచ్చింది. సైట్లో దయాసాగర్ పేరు పక్కనున్న నంబరుకు తన సెల్‌ నుంచి చేసి, ఆయన చేతికిచ్చాడు.

"ఎవలు? దయాసాగర్‌వేనా? రక్తమిస్తవు గదా?" అని అడిగి, జవాబు విని, ఫోను తిరిగిచ్చేశాడు శాంతిరాజ్.

"మంచిగైంది," అని మెల్లగా మెట్లు దిగిపోయాడు.

ఆయనకు పీడ విరగడైందనుకున్నాడు ఖదీర్. మంచినీళ్లు తాగిపొమ్మనైనా అనలేదు.

వానలు తగ్గుముఖం పట్టాక, తెలంగాణ బంద్ రోజున ఖదీర్ చెల్లెలు తస్లీమాకు దవాఖానలో కాన్పయింది. పాప బాగానే ఉంది. తల్లికి రక్తం ఆగలేదు. ఓ నెగెటివ్ గ్రూపు రక్తం కావాలన్నారు.

ఖదీర్ తన సైటే తెరిచి, వరసగా ఫోన్లు చేశాడు. నంబర్లన్నీ సరైనవే.

ఒకాయన మంచిర్యాలలో ఉన్నానన్నాడు. ఇంకొకాయన, "రోడ్లన్నీ బంద్ వెట్టిండ్రు, ఎట్ల రావాలె అన్నా?" అన్నాడు. కొందరు ఎత్తనే లేదు.

చివరికి కమాన్‌పూర్ నుంచి హన్నా అనే టీచరమ్మ, భర్త బండి వెనక కూర్చుని మట్టిదారుల వెంట వచ్చింది. అప్పటికే పొద్దు వాలింది. తస్లీమా ప్రాణం దక్కింది. గర్భసంచి తీసేశారు.

డాక్టరు ఆ మాట చెబితే ఖదీర్ తలూపాడు. తల్లి ఖాతూన్ గోడకానుకుని ఏడుస్తుంటే, ఆమె పక్కన ఊరికే కూర్చున్నాడు.

నర్సు రెజీనా వచ్చి అతని ముందు ఆగింది.

"గా సైటు నీదేనట గదా తమ్మీ. మునుపు దాంట్ల ఏ పేరుకు చేసినా ఒక పెద్దమనిషే ఎత్తుతుండె."

"తప్పు పడ్డది సిస్టర్. సరిచేసిన."

"ఎందుకు సరిచేసినవ్?"

ఖదీర్ తలెత్తి చూశాడు.

"ఎవల పేరడిగినా, ఔ, వస్తున్న అనేటోడు," అంది రెజీనా. "హన్నా ఉన్నదా అన్నా ఔ అనేటోడు. ఏ గ్రూపో కనుక్కొని, షిఫ్టు దిగేటోళ్లను బొగ్గుబాయి మీదనే పట్టుకొని, బొగ్గు మొఖాలతోనే ఆటోల ఎక్కిచ్చుకొస్తుండె. బంద్ లేదు, వాన లేదు."

"ఆయన గూడ ఇస్తుండెనా?"

"ఆయనది మేమే వద్దన్నం. పానం బాగలేకుండె."

ఖదీర్ వరండాలోకి వచ్చి, సైట్లో శాంతిరాజ్ పేరు వెతికి ఫోన్ చేశాడు.

ఎవరో ఆడమనిషి ఎత్తింది. హలో అనకముందే అడిగింది.

"ఏ దవాఖాన బిడ్డా? ఏ గ్రూపు?"

"రక్తానికి కాదవ్వా. శాంతిరాజ్ కాకతోని మాట్లాడాలె. నేను ఖదీర్‌ను, సైటు పెట్టినోన్ని."



"నేను ఆయన ఇంటిదాన్ని, సారవ్వను. ఎండకాలంలనే పోయిండు బిడ్డా."

ఖదీర్ వరండా మెట్టు మీద కూర్చున్నాడు.

"నా తాన్కి వచ్చిన నాడు ఫోన్లతోని పరేషానున్నడు అనుకున్న అవ్వా. అందుకే జల్ది సరిచేసి తోలిన."

"పరేషాన్ ఏంది బిడ్డా," అంది సారవ్వ. "గా పొద్దుగాల్నే ఇంక మందు లేదని డాక్టరు చెప్పిండు. 'నేను పోయినంక గీ ఫోన్లు ఎవలెత్తుతరు' అనుకుంట, ఇంటికి గూడ రాకుంట సీదా నీ తాన్కే వచ్చిండు."