అడగని మాట

"నేను లోపలికి వెళ్లను," అంది ఇల్వా.

ఎస్కిల్ ఇంజన్ ఆపాడు. ఎదురుగా పిల్లల కౌన్సెలింగ్ కేంద్రం. మంచు సన్నగా రాలుతోంది. ఉత్తరాది చలికాలం కదా, మధ్యాహ్నం దాటిందో లేదో, అప్పుడే వీధి దీపాలు వెలిగాయి.

"సరే. ఇక్కడే కూర్చుందాం," అన్నాడు.

ఇల్వాకు పదహారేళ్లు. పోయిన ఏప్రిల్లో స్నేహితురాలు సిగ్నేను వెనక ఎక్కించుకుని, గడ్డకట్టిన సరస్సు మీద స్నోస్కూటర్ నడిపింది. మంచు విరిగింది. ఇల్వాను బయటికి లాగగలిగారు. సిగ్నే దక్కలేదు.

ఆ తర్వాత ఇల్వా బడికి పోలేదు. ఎవరితోనూ మాట్లాడలేదు. ఎంతో బతిమాలితే లూలియో పట్టణంలోని ఈ కేంద్రానికి రావడానికి ఒప్పుకుంది. ప్రతి గురువారం ఎస్కిలే తీసుకొస్తాడు. అందుకోసం కలప మిల్లులో షిఫ్టు మార్పించుకున్నాడు.

"ఎందుకయ్యా నీకీ తిప్పలు? తట్టుకోగలవా?" అన్నాడు మిల్లులో తోటి పనివాడు యోరన్.

"ఊరికే కారు నడపడమేగా," అన్నాడు ఎస్కిల్.

ఊరికే కాదు. మొదటి రోజే కౌన్సెలర్ కెర్‌స్టిన్ అతన్ని పక్కకు పిలిచి చెప్పింది. "లోపల ఏం మాట్లాడిందో అడక్కండి. తనే చెప్తే మధ్యలో అడ్డుపడకుండా వినండి. తొందరపడి ఓదార్చకండి. ఓదార్పు కూడా ఒక్కోసారి నోరు మూసేస్తుంది."

అతను అలాగే ఉన్నాడు. దారి పొడవునా వైపర్ల చప్పుడే. ఇంటికి చేరాక ఒక్కడే వంటింట్లో బంగాళాదుంపలు ఉడకబెట్టుకుని తినేవాడు. మేడ మీద గది తలుపు మూసే ఉండేది. మెట్ల దగ్గర ఆగి కాసేపు చెవి ఒగ్గేవాడు. ఏ అలికిడీ ఉండేది కాదు. మళ్లీ వచ్చి కుర్చీలో కూలబడేవాడు.

కారు అద్దాలు ఆవిరితో మసకబారాయి. ఎస్కిల్ ఫ్లాస్కులో కాఫీ మూతలోకి వంచి ఇచ్చాడు. ఇల్వా తాగలేదు. వేళ్లు వెచ్చబెట్టుకుంది.

"లోపల ఏం చెప్తున్నానో మీరెప్పుడూ అడగరేంటి?" అంది.

"అడగొద్దన్నారుగా."

"అడగాలని ఉండదా?"

"ఉంటుంది. రోజూ ఉంటుంది."

"ఒక్కసారైనా నన్ను తిట్టొచ్చుగా."

"తిట్టడానికి ఇంత దూరం రావాలా? పెట్రోలు దండగ."

ఇల్వా పెదవి ఓ చివర కదిలింది. అంతలోనే ముఖం ముడుచుకుపోయింది.

"సిగ్నే వెనక్కి పోదామంది. మంచు చప్పుడు చేస్తోందని చెప్పింది. నేనే వినలేదు."

ఎస్కిల్ చేతులు స్టీరింగ్ మీద బిగుసుకున్నాయి.

"ఇంకా?" అన్నాడు.

"చలేస్తోందని నా కోటు జేబుల్లో చేతులు పెట్టుకుంది. ఏదో పాట పాడింది. రాగం తప్పుగా."

"ఎప్పుడూ అంతే పాడేది," అన్నాడు ఎస్కిల్. ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాడు.

ఇల్వా ఏడ్చింది. అతను ఆపమనలేదు. ఏడుపు తగ్గాక చేతి రుమాలు అందించాడు.

"ఇంకా కొంచెం టైముంది. ఇదంతా ఆవిడకూ చెప్తాను," అని ఇల్వా తలుపు తీసింది. "మీరు ఉంటారుగా?"

"ఉంటాను."

తిరుగు దారిలో ఇల్వా నిద్రపోయింది. ఎస్కిల్ మలుపుల దగ్గర నెమ్మదిగా నడిపాడు. ఊరు చేరి కారు ఆగాక గానీ ఆమె కళ్లు తెరవలేదు.

"వచ్చే గురువారం?" అంది.

"ఇదే టైముకి," అన్నాడు.

ఇల్వాను గుమ్మంలో ఎదురుచూస్తున్న వాళ్ల నాన్నకు అప్పగించి, ఎస్కిల్ కారు తిప్పుకుని, కూతురు సిగ్నే లేని తన ఇంటికి బయలుదేరాడు.