నీలం చీటీల పెట్టెలు

"నీలం చీటీ ఏడో పెట్టెలో ఇంకో మూడు పోయాయి," అంది హిసానో.

డాక్టర్ నగుమో పుస్తకంలో మూడు గీతలు గీశాడు. "తల్లి ఏం చేస్తోంది?"

"మూలన కూర్చుని ఒళ్ళు నాక్కుంటోంది. పిల్లలేమో గూటి బయట పడున్నాయి. అదీ ఒక తల్లేనా?"

"దాని తప్పేం లేదండీ. ఆ జన్యువు లేదు కదా."

మొత్తం ఇరవై నాలుగు పెట్టెలు. సగం పెట్టెల్లోని తల్లి ఎలుకలకి పుట్టకముందే ఒక జన్యువు తీసేశారు. మిగతావి మామూలువి. అది లేకపోతే ఏ పని ఆగిపోతుందో చూస్తే, అది ఎందుకుందో తెలుస్తుంది. నీలం చీటీ వేటికో, పసుపు చీటీ వేటికో లెక్క రాసేవాళ్ళకి తెలియకూడదని ఆ వివరం కవర్లో పెట్టి సీలు వేశారు. నగుమో మాత్రం ఎప్పుడో తేల్చేసుకున్నాడు. పిల్లల్ని వదిలేస్తున్నవి నీలం చీటీలవే మరి.

ఎలుకల గదిలో హిసానోది ముప్పై ఏళ్ళ కొలువు. ప్రయోగాల్లో పోయిన జీవాల కోసం భవనం వెనక ఒక రాయి నిలిపారు. మిగతావాళ్ళు దానికి ఏడాదికోసారి దండం పెట్టి వెళ్తారు. ఆమె మాత్రం రోజూ పొద్దున్నే, ముందురోజు పోయిన ఒక్కో పిల్లకీ ఒక్కో గంధపు అగరుబత్తి వెలిగించి గాని లోపలికి రాదు. మొదట్లో రోజుకి ఒకటో రెండో వెలిగించేది. ఇప్పుడు పది.

"మీరొస్తుంటే గుడే నడిచొచ్చినట్టుంటుంది," అన్నాడు నగుమో.

"నవ్వండి, నవ్వండి. ఆ పిల్లల్ని పసుపు చీటీ తల్లుల దగ్గర వేయనివ్వండి డాక్టరుగారూ. బతుకుతాయి."

"లెక్క పాడైపోతుంది. శుక్రవారం కవరు విప్పుతాం. అందాకా ఓపిక పట్టండి."

ఆమెకి ఓపిక లేకపోయింది. పెట్టెలు శుభ్రం చేసేటప్పుడు ఆయన చూడకుండా చేతొడుగులు తీసేసి, పిల్లల్ని వట్టి అరచేతుల్లో వెచ్చబెట్టి మళ్ళీ గూట్లో పెట్టేది. పరాయి వాసన తగిలితే తల్లి ముట్టుకోదని ఆమెకి తెలియక కాదు. పసుపు చీటీ తల్లులు అదే చేత్తో పెట్టిన పిల్లల్ని నాకి పొదువుకుంటున్నాయి కదా అని ధీమా. పాపం, ఏ పెట్టెకీ తక్కువ చేయలేదు.

శుక్రవారం కవరు విప్పారు. నగుమో లోపలి కాగితం రెండుసార్లు చదివాడు.

"జన్యువు తీసేసినవి పసుపు చీటీలవి."

"మరి పిల్లల్ని వదిలేసినవి?"

"మామూలు ఎలుకలు. ఏ లోపమూ లేనివి."

హిసానో పుస్తకంలోని గీతలు లెక్కపెట్టింది. అప్పటికి నూట నాలుగు పిల్లలు పోయాయి. ఏ లోపమూ లేని తల్లి కన్నబిడ్డని ఎందుకు వదిలేస్తుంది?

అదే జన్యువు మీద సెండాయి నగరంలో పనిచేస్తున్న మిత్రుడికి నగుమో ఫోన్ చేశాడు. ఆమెకి కూడా వినబడాలని స్పీకరు పెట్టాడు.

"అమ్మతనంతో దానికి సంబంధం లేదురా," అన్నాడు మిత్రుడు. "అది పనిచేసేది ముక్కులో. తీసేసిన ఎలుకలకి నలభై వాసనలు పెట్టి చూశాం. ముప్పై తొమ్మిది పట్టాయి. ఒక్కటే పట్టలేకపోయాయి."

"ఏ వాసన బాబూ అది?" అని అడిగింది హిసానో.

"గంధం."