చిలుము లేని నాణెం

సర్కారు ఆఫీసులో పాత నాణేల పరీక్ష యంత్రం ఎర్రదీపం వెలిగించి, "నకిలీ. కరిగించబడును" అంది.

కొమురవ్వ బిత్తరపోయి నా వైపు చూసింది. పసుపు చేనులో దొరికిన ఆ రాగి నాణేన్ని పెద్దపల్లి నుంచి కొంగున కట్టుకొని తెచ్చింది. ముప్పై ఏళ్లు పాత నాణేలు పరీక్షించినవాణ్ణి నేను. ఇప్పుడు ఈ యంత్రం అద్దం తుడవడమే నా ఉద్యోగం.

"దీన్ని దేంతోని తోమినవ్ అవ్వా?"

"చింతపండుతోని. దేవుని దీపం తోమినట్టే తోమిన సారూ. సర్కారు కాడికి మురికిది ఎట్ల తెస్త?"

పాత రాగికి పట్టే పచ్చటి చిలుమంతా పోయింది. ఈ యంత్రం చూసేది దాన్నే. పొద్దున ఒక వ్యాపారి తన ఇంటి అచ్చుయంత్రంలో నిన్న తీసిన నాణేలు నలభై తెచ్చాడు. చిలుముతో సహా అచ్చయ్యాయి. నలభైకీ పచ్చదీపమే. అవి దొంగవని నేను అరిస్తే, మా అధికారి అద్దం మీది మరక చూపించాడు.

కొమురవ్వ నాణెం మీది ఏనుగు బొమ్మకు రెండు తొండాలున్నాయి. ఆ కాలంలో నాణెం మీద సుత్తితో కొట్టి బొమ్మ దించేవాళ్లు; సుత్తి జారితే, కొట్టినవాడు మళ్లీ కొట్టాడు. అలాంటి తప్పు మనిషి చెయ్యే చేస్తుంది.

నాణెం కరిగించడానికి యంత్రం లోపలి కొలిమి మూత తెరుచుకుంది. చెయ్యి పెట్టి నాణేన్ని లాగేశాను. వేళ్లు కాలాయి.

"తీస్కపోయి అదే చేన్ల పాతిపెట్టు. చిలుము పట్టినంక తే."

"ఎన్ని రోజులు వడ్తది సారూ?"

"రెండు వేల ఏండ్లు. నేను ఈడనే అద్దం తుడుసుకుంట ఉంట."