మూడో నంబరు గుంత

"మీ దేశం వాడే అన్నా. ఎంత పిలిచినా పలకడం లేదు. మా భాష రాదేమో, నువ్వొచ్చి మాట్లాడు!" యూనియన్ ఆఫీసు గుమ్మంలోంచే అరిచాడు ఫోర్‌మన్.

ఫిట్టరన్న టీగ్లాసు అక్కడే వదిలేసి పరుగెత్తాడు. ఓడ దిగి ఈ రైల్వే వర్క్‌షాపులో చేరి ముప్పయ్యేళ్లు. యూనియన్ సెక్రటరీ అయి పన్నెండేళ్లు దాటినా, అందరికీ ఆయన ఇంకా ఫిట్టరన్నే.

అడుగున దిగి రిపేరు చేసే మూడో నంబరు గుంత మీద బోగీ ఒక పక్కకి ఒరిగిపోయి ఉంది. నాలుగు జాకీల మీద ఎత్తి చక్రాలు తీస్తుంటే ముందువైపు జాకీ జారింది. గుంతలో మనిషి ఇరుక్కున్నాడు.

"ఎవరు?"

"కొత్తవాడు. కాంట్రాక్టరు ఇందాకే తెచ్చి దింపాడు. పేరు కూడా రాసుకోలేదింకా."

ఫిట్టరన్న బోర్లా పడుకుని సందులోకి తల పెట్టాడు. లోపల గ్రీజు వాసన, చీకటి.

"తమ్ముడూ, వినబడుతోందా?" అన్నాడు తమ భాషలో.

చెవి పక్కనే ఉన్నంత స్పష్టంగా, "వినబడుతోంది అన్నా" అంది ఒక గొంతు.

ఫిట్టరన్న ఇంకాస్త ముందుకు జరిగాడు. అచ్చం తన ఊరి యాస.

"కదలకు. ముందువైపు జాకీ సరిచేసి ఎత్తేస్తారు."

"దాన్ని ముట్టుకోనివ్వకు. మరలు అరిగిపోయాయి. తిప్పితే మళ్లీ జారుతుంది. వెనకనుంచి క్రేనుతో ఎత్తించు."

"ఇవాళ చేరినవాడివి, నీకెలా తెలుసు?"

"ఇక్కణ్ణుంచి అన్నీ కనబడతాయి."

ఫిట్టరన్న తలెత్తి క్రేను తెప్పించమన్నాడు.

"అరగంట పడుతుంది. అసలు వాడు మాట్లాడాడా? మాకేం వినబడలేదు" అని గొణిగాడు ఫోర్‌మన్.

"ఈ హోరులో నీకేం వినబడుతుంది? ముందు క్రేను!"

మళ్లీ తల లోపలికి పెట్టాడు. "నొప్పిగా ఉందా?"

"నొప్పి లేదు. చలేస్తోంది."

"కాస్త ఓర్చుకో."

"ఓర్చుకోవడం అలవాటే. అన్నా, పోయినసారి ఇక్కడ ఒకడు పోతే, వాడి అజాగ్రత్తే అని కాగితం రాశారు. కింద నువ్వు సంతకం పెట్టావు."

ఫిట్టరన్నకి ఆ కాగితం గుర్తొచ్చింది. పదకొండేళ్ల కిందటి మాట. పోయినవాడు రివెట్లు కొట్టేవాడు, తన ఊరివాడే, తనతో ఒకే ఓడలో వచ్చినవాడు. ఎదురు తిరిగితే మీవాళ్లు నలభైమందీ ఇంటికే అని మేనేజరు బెదిరిస్తే, తలొంచుకుని సంతకం చేశాడు. ఆరోజు జారిందీ జాకీయే. కొత్తగా వచ్చినవాళ్ల చెవిలో ఈ సంగతి ఎవరో ఒకరు ఊదుతూనే ఉంటారు కాబోలు.

"తప్పు చేశాను తమ్ముడూ."

"ఈసారి మా తప్పని రాయనివ్వకు."

"రాయనివ్వను. నా ఉద్యోగం పోయినా సరే."

ఆ తర్వాత ఎంత పిలిచినా గొంతు పలకలేదు.

క్రేను వచ్చి వెనకనుంచి బోగీని ఎత్తింది. కొత్తవాణ్ణి బయటికి లాగారు. స్పృహ లేదు, ఊపిరి ఆడుతోంది. ఫోర్‌మన్ ఆ జాకీ విప్పి చూశాడు. మరలు నున్నగా అరిగి ఉన్నాయి.

"దీన్ని తిప్పి ఉంటే బోగీ మొత్తం వాడి మీదే పడేది."

మధ్యాహ్నానికల్లా మేనేజరు కాగితం జరిపాడు. "మామూలేగా. అజాగ్రత్త. ఇక్కడ సంతకం."

ఫిట్టరన్న దాన్ని రెండు ముక్కలు చేశాడు. "జాకీ మరలు అరిగాయని రాయాలి, పాతదీ తిరగరాయాలి. అప్పటిదాకా ఇక్కడ ఒక్క జాకీ తిరగదు."

ఆయన బయటికొచ్చి చెయ్యెత్తగానే వర్క్‌షాపు మొత్తం నిశ్శబ్దమైపోయింది.

అక్కణ్ణుంచి నేరుగా ఆస్పత్రికి వెళ్లాడు. కొత్తవాడి భార్య వరండాలో గోడకానుకుని నిలబడి ఉంది.

"భయం లేదమ్మా. కాలు విరిగింది, అంతే. ప్రాణానికి ఢోకా లేదన్నాడు డాక్టరు. మీ ఆయనది గట్టి గుండె. అంత బరువు కింద ఉండి కూడా ఎటునుంచి ఎత్తాలో నాకు చెప్పాడు."

ఆమె అయోమయంగా చూసింది. "ఎవరు చెప్పారు అన్నయ్యా?"

"మీ ఆయనేనమ్మా. గుంతలోంచి మాట్లాడాడు నాతో."

ఆమె ఒకడుగు వెనక్కి వేసింది.

"ఆయన పుట్టుమూగ."