తలుపు రేకు

రాత్రి అన్నం తిని ఇంటి వెనక షెడ్డులో లైటు వేయగానే అతనికి ఒళ్లు మండిపోయింది. పాత కారుకి తన చేత్తో కత్తిరించి, వంచి, తలుపు లోపలి వైపు బిగించిన అల్యూమినియం రేకు మళ్లీ ఉబ్బింది. ఇది మూడోసారి. తలుపు డొల్లలోంచి ఎవరో గుద్దినట్టు పిడికిలంత బుడిపె. స్క్రూలు మాత్రం బిగించినవి బిగించినట్టే ఉన్నాయి.

షెడ్డు రెండో తాళంచెవి బావమరిది దగ్గరుంది. వాడికి ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి సీటు మీద పడేశాడు.

"నా కారు జోలికి రావద్దని ఎన్నిసార్లు చెప్పాలిరా నీకు?"

"నేను ఊళ్లో లేక వారమైంది బావా!"

"అబద్ధాలాడావంటే పళ్లు రాలగొడతా!"

రబ్బరు సుత్తి అందుకుని, తిట్టుకో దెబ్బ చొప్పున కసిదీరా బాదాడు. బుడిపె చదునైంది. చెయ్యి నొప్పెట్టి ఆగాడు.

బావమరిది గొంతు తగ్గించి అడిగాడు.

"బావా, నీతోపాటు కొడుతున్నదెవరు?"

"ఇక్కడ నేనొక్కణ్ణే ఉన్నాను."

"మరి నువ్వొకటి కొడితే నాకు రెండు వినపడుతున్నాయేంటి?"

అతను సుత్తి పక్కన పెట్టి, వేలితో రేకు మీద ఒక్కసారి, మెల్లగా తట్టాడు. ఈసారి అతని చేతిలో కోపం లేదు.

లోపలి నుంచి వచ్చిన జవాబులో ఉంది.