చక్రవర్తి కప్పు

“ఎత్తి పోయమ్మా, ఎత్తి! గిన్నె అంచు తగిలిందంటే పింగాణీ చిట్లుతుంది.”

రత్నకుమారి పళ్ళ బిగువున కాఫీగిన్నె జానెడు పైకెత్తింది. కింద గోపాలరావు పసుపుపచ్చ కప్పు పట్టుకుని కూర్చున్నాడు. మొగుడి పై అధికారి కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఆ కాఫీ ఆయన నెత్తిన పోసేది.

రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లు ఏమైపోతాయోనని సిడ్నీ హడలిపోతున్న రోజులవి. రత్నకుమారి భర్త పాండురంగను వాటిని సరిచేసే పనికే రప్పించాడు గోపాలరావు. రోజూ పొద్దున్నే వాళ్ళింటికొచ్చి పాండురంగ కారులో ఆఫీసుకు పోతాడు, ముందు కాఫీ పడాలి. మొదటిరోజు ఏ ఊరు, ఏ పేట, ఇంటిపేరేమిటని ఆప్యాయంగా అడిగాడు. మర్నాటి నుంచి పట్టుగుడ్డలో చుట్టిన ఈ కప్పు వెంట తెచ్చుకోవడం మొదలుపెట్టాడు.

“చైనా దర్బారు సరుకమ్మా ఇది. లోపలా బయటా పసుపే ఉందా? అది చక్రవర్తికీ, ఆయన తల్లికీ, పట్టపురాణికీ మాత్రమే. లోపల తెల్లగా ఉంటే చిన్నరాణిది. విందులో ఎవరి హోదాకి తగ్గ గిన్నె వాళ్ళ ముందుండాలి.”

రోజూ ఇదే పురాణం. రత్నకుమారికి విని విని విసుగెత్తింది. ఆయన కోసమే నీలం పూల కప్పులు కొనుక్కొచ్చింది. ఇంటికొచ్చిన మనిషి ఒక్కసారైనా తన కప్పులో తాగాలని ఆమె పంతం.

“ఇవ్వాళ ఇందులో తాగండి అంకుల్.”

“వద్దమ్మా, అలవాటు తప్పుతుంది.”

తాగిన కప్పు కడగబోతే చెయ్యి అడ్డం పెట్టి, తనే కడుక్కున్నాడు.

“చక్రవర్తిగారు అంట్లు తోముకోవడం చూశారా? ఛీ, ఏం డాబండీ! రోత పుడుతోంది” అంది సాయంత్రం మొగుడితో.

“గొప్పలకి పోతాడు, పోనీలే రత్నా. మన వీసా ఆయన చేతిలో ఉంది.”

ఆదివారం, పక్కవీధిలో కొత్తగా దిగిన శ్రీదేవికి కరివేపాకు పట్టుకెళ్ళింది రత్నకుమారి. గుమ్మంలో గోపాలరావు బూట్లు కనిపించాయి.

“అయ్యో, మీకూ మొదలైందా? కప్పు మటుకు ముట్టుకోకు తల్లీ” అంది గుసగుసగా.

“ఏం కప్పక్కా?” శ్రీదేవి తెల్లబోయింది.

“ఆయన వెంట తెచ్చుకుంటాడుగా! మీకేమైనా చుట్టమా?”

“లేదక్కా, నిన్ననే పరిచయం. ఏ ఊరు, ఏ పేట, ఇంటిపేరేమిటని అడిగారు, అంతే.”

రత్నకుమారి హాల్లోకి తొంగిచూసింది.

గోపాలరావు వాళ్ళింటి స్టీలు గ్లాసు కరిచి కాఫీ తాగుతున్నాడు.