కాలిన చక్రాల మీద నీళ్లు

పెద్దయ్యాక, మనవరాలి పలక మీద అక్షరాలు దిద్దుకున్నదాన్ని. ఒత్తులు, దీర్ఘాలు తప్పితే సర్దుకుని చదవండి. నా చెయ్యి నిదానం. అందుకే కథ కూడా చిన్నదే.

చిల్లకూరు దాటగానే ఒక ముసలామె రోడ్డు పక్క నుంచి చెయ్యెత్తింది.

కౌసర్ కారు ఆపింది.

"యాడికవ్వా?"

"మనుబోలుకి పాపా. ఎక్కించుకుంటావా?"

"బస్సు వస్తుంది గదా."

"నీ కారే ముందొచ్చె."

కౌసర్ నవ్వి తలుపు తీసింది.

ముసలామె ముందు సీట్లో కూర్చుంది. తెల్లచీర, ఒళ్లో గుడ్డసంచి. కారు కదిలేదాకా కళ్లు మూసుకునే ఉంది.

ఆ కారు పాతది, చిన్నది. తీరంలోని ఊరి నుంచి పిల్లలను చిల్లకూరు బడికి తీసుకెళ్లి తీసుకురావడం కౌసర్ బతుకుతెరువు. నెల రోజులుగా బ్రేకు తొక్కితే చాలు, స్టీరింగు గడగడ వణుకుతోంది. పిల్లలు నవ్వుతున్నారు. పెద్దవాళ్లు నవ్వడం లేదు.

"కారు బాగుపడకపోతే సోమవారం నుంచి మా ఏంజెలిన్‌ను ఆటోలో పంపిస్తామక్కా" అని ఏంజెలిన్ వాళ్ల నాన్న జడ్సన్ నిన్ననే చెప్పాడు. ఒక పిల్ల మానేస్తే మిగతావాళ్లూ మానేస్తారు.

అందుకే ఈ సెలవు రోజున కౌసర్ మనుబోలులోని మెకానిక్ టైటస్ షెడ్డుకు బయలుదేరింది.

ముందున్న లారీ నెమ్మదించింది. కౌసర్ బ్రేకు తొక్కింది. స్టీరింగు వణికింది.

"ఇంగోసారి తొక్కు పాపా" అంది ముసలామె.

"ఏందవ్వా, ఉయ్యాల అనుకుంటివా?"

"వెనకాల బండ్లు లేవు. తొక్కు."

తొక్కింది.

"స్టీరింగే ఊగతా ఉంది. నా కింద సీటు ఊగలా. జబ్బు ముందు చక్రాల్లో ఉంది."

"నీకెట్ట తెలుసు?"

"నమ్మకపోతే పక్కరోడ్డులోకి దిగు. కాలు ఎత్తేసి హ్యాండ్ బ్రేకు మెల్లమెల్లగా లాగు. అది వెనక చక్రాలనే పట్టుకుంటది."

పందెం కాసినట్టు కౌసర్ అలాగే చేసింది. కారు వణక్కుండా నెమ్మదించింది.

"చూసినావా. వెనకవి బాగుండాయి."

"ముందు బ్రేకు ప్యాడ్లు కొత్తవి వేయించినా గదవ్వా."

"ప్యాడ్లు కాదు. అవి కరుచుకునే ఇనప పళ్లెం, డిస్కంటారే, అది వంకరపోయుంటది. ఊర్లోకి రాగానే చక్రాలు కడగతావా?"

"కడక్కపోతే సముద్రం ఉప్పు తినేయదా? మా ఊర్లో ఎవురైనా బండి ఆపతానే బకెట్ నీళ్లు కొట్టాల్సిందే."

"పొయ్యి మీంచి దించిన పెనం మీద చన్నీళ్లు కొడితే ఏమవుద్ది?"

అలా వంకరపోయిన పెనం కౌసర్ వంటింట్లోనే ఉంది.

"ఉప్పు కడుగు. చల్లారినాక కడుగు" అంది ముసలామె. వెనక సీట్లో ఎవరో పిల్ల మరిచిపోయిన నీళ్ల సీసా వైపు చూసింది. "ఇది బాగయ్యేదాకా పిల్లోళ్లను ఎక్కించబాక."

ఆ మాట కౌసర్‌కు గుచ్చుకుంది.

"నా పొట్ట కొట్టడానికి ఎక్కినావా నువ్వు? పిల్లోళ్లు ఎక్కకపోతే నేనేం తినాల?"

"కోపం పడబాక పాపా. జాగర్త చెప్తుండా."

"చెప్పింది చాల్లే. దిగు."

మనుబోలు ఇంకా కొంత దూరం ఉంది. ఎండ చురుక్కుమంటోంది. ముసలామె దిగింది. సంచి సర్దుకుని కిటికీ దగ్గరకు వంగింది.

"ముందు చక్రాలు రెండూ విప్పి చూడమను."

కౌసర్ తల తిప్పకుండా కారు పోనిచ్చింది.

షెడ్డులో టైటస్ చక్రాలు విప్పాడు. గడియారం లాంటి కొలిచే పరికరం ఆనించి డిస్కును చేత్తో తిప్పాడు. ముల్లు అటూ ఇటూ ఊగింది.

"వంకరపోయిందక్కా. రెండో పక్కదీ అంతే. కాలినప్పుడు నీళ్లు కొట్టినావా?"

"ఊఁ" అంది కౌసర్.

నెల్లూరు నుంచి డిస్కులు తెప్పించి బిగించేసరికి పొద్దు వాలింది.

తిరుగుదారిలో కౌసర్ వేగం పెంచి బ్రేకు తొక్కింది. స్టీరింగు చేతుల్లో కదలకుండా నిలబడింది. మళ్లీ తొక్కింది. అలాగే నిలబడింది. ముసలామెను దించిన చోట కారు నిదానం చేసి చూసింది. అక్కడ ఎవరూ లేరు.

ఇంటికి చేరి, బకెట్ ముట్టుకోకుండా అరుగు మీద కూర్చుంది. అంతలో జడ్సన్ ఫోన్ చేశాడు.

"అక్కా, కారు బాగైందంట గదా. సోమవారం ఏంజెలిన్‌ను నీ కార్లోనే పంపిస్తా."

"ఎవురు చెప్పినారు?"

"మా అమ్మ. మనుబోల్లో ఉంటది. పొద్దున మా ఇంటి నుంచి పోతా పోతా నీ కారు ఎక్కిందంట. సాయంత్రం నువ్వు బయల్దేరినాక షెడ్డుకు పోయి టైటస్‌ను అడిగొచ్చింది. పాప మంచిది, చెప్తే వింటది, బిడ్డను పంపించు అనింది."

కౌసర్ అరుగు మీంచి లేచి నిలబడింది.

"మీ అమ్మకు కార్ల సంగతి అంత ఎట్ట తెలుసు?"

"మా నాయన కారు బ్రేకు పడకనే గదక్కా పోయింది. అప్పట్నుంచి షెడ్డు కనబడితే చాలు, పోయి అడగతా ఉంటది, ఏది చెడితే ఏమవుద్దని."

"తానెవురో ముందే చెప్పుంటే ఇంటి ముందర దించేదాన్ని."

"దించేది అట్టుండనీ, ఎక్కడమే గొప్ప" అన్నాడు జడ్సన్. "నాయన పోయినాక మా అమ్మ కారెక్కింది ఈ రోజే."

హజరాబీ
వయసు అరవై తొమ్మిది
ఇప్పుడు ఉండేది దొరవారిసత్రంలో, చిన్న కూతురి దగ్గర